అజ్ఞాత కర్తృత్వం – హక్కుల ప్రశ్న: బ్యాంక్సీ గోడచిత్రాలు

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరపు గోడల మీద 1990లలో చిత్రరచన ఆరంభించిన బ్యాంక్సీ తన అసలు పేరును స్వయంగా ప్రకటించలేదు. అనుమతి లేకుండా పరుల గోడపై రంగు వేయడం అక్కడ నేరం. కనుక అజ్ఞాతం తొలుత ఆత్మరక్షణ మాత్రమే. ముందుగా కత్తిరించి తెచ్చుకున్న స్టెన్సిల్‌ను గోడకు ఆనించి రంగు చిమ్మే పద్ధతిలోనూ ఆ తొందర కనిపిస్తుంది. తెలుగులో కర్త తెలియని చాటువులకు కొదవ లేదు. వాటి కర్తల పేర్లు కాలక్రమంలో జారిపోయాయి. బ్యాంక్సీ విషయంలో దాచిన పేరే ఒక ముద్ర అయింది. దానిని కాపాడటానికి 2008లో ‘పెస్ట్ కంట్రోల్’ అనే ధ్రువీకరణ సంస్థ కూడా ఏర్పడింది.

ఈ కళ ధిక్కరించిన విపణే దానిని అక్కున చేర్చుకుంది. 2018 అక్టోబరు 5న లండన్ సోత్‌బీస్ వేలంలో ‘గర్ల్ విత్ బెలూన్’ సుమారు 10.4 లక్షల పౌండ్లకు అమ్ముడైన మరుక్షణం, చట్రంలో దాచిన యంత్రం చిత్రాన్ని సగం వరకు పేలికలు చేసింది. ‘లవ్ ఈజ్ ఇన్ ది బిన్’ అనే కొత్త పేరుతో అదే చిత్రం 2021లో సుమారు 1.86 కోట్ల పౌండ్లు పలికింది. విధ్వంసం విలువను పెంచిందన్నది నిజమే కాని, ఈ ఉదంతానికి లభించిన ప్రచారంలో అంతకంటే మౌలికమైన ప్రశ్న మరుగునపడింది: పేరు చెప్పని కర్త తన కృతిపై హక్కును ఎలా నిరూపించుకోవాలి?

బెత్లెహేము సమీపంలోని గోడపై గీసిన, పూలగుత్తి విసురుతున్న యువకుని చిత్రం 2014లో ఐరోపా సమాఖ్య ట్రేడ్‌మార్కుగా నమోదైంది. ఒక గ్రీటింగ్ కార్డుల సంస్థ దీనిని సవాలు చేసింది. వివాదం నడుస్తుండగా 2019లో బ్యాంక్సీ లండన్ శివారు క్రోయిడన్‌లో ఒక దుకాణాన్ని అలంకరించి వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టడం బెడిసికొట్టింది. మార్కును వాడుకోవాలన్న ఉద్దేశం నమోదు నాటికి లేదనడానికి అదే సాక్ష్యమైంది. 2020 సెప్టెంబరులో ఐరోపా మేధోసంపత్తి కార్యాలయం ఆ నమోదును రద్దు చేసింది. కాపీరైటును ఎద్దేవా చేస్తూ బ్యాంక్సీ గతంలో రాసిన మాటను ఆ నిర్ణయంలో ఉటంకించడం గమనార్హం. కాపీరైటు కోరాలంటే కర్త బయటపడాలి. బయటపడితే ముద్ర చెదురుతుంది. అయితే దీనినే తుది తీర్పుగా భావించరాదు. పలక తగిలించుకున్న కోతి చిత్రం విషయంలో 2022లో అప్పీలు మండలి దురుద్దేశం నిరూపితం కాలేదని చెప్పి, మార్కును నిలిపింది.

2025 సెప్టెంబరులో లండన్ రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్ గోడపై, నిరసనకారుని సుత్తితో కొడుతున్న న్యాయమూర్తి చిత్రం వెలసింది. అది రక్షిత చారిత్రక కట్టడం. అధికారులు కొద్ది రోజులలోనే దానిని చెరిపించగా, రాతిపై నీడ వంటి ఆకారం మిగిలింది.