గైరేజ్ నుంచి ఇసకవాగు వరకు: ఒక ఔషధ లక్ష్యపు చరిత్ర

జీవకణంలో డీఎన్ఏ రెండు పేటలూ విడివడనిదే దాని నకలు తయారు కాదు. విడదీసే పని హెలికేజ్ ఎంజైమ్‌లది. అవి సాగేకొద్దీ, పురి విప్పుతున్న తాడు అవతలి కొస బిగుసుకున్నట్లు, ముందున్న డీఎన్ఏలో మెలికలు పేరుకుంటాయి. బాక్టీరియాలో ఆ బిగువును తీర్చేది గైరేజ్. అది రెండు పేటలనూ తెంచి, ఆ సందులోంచి డీఎన్ఏలోని మరో భాగాన్ని దాటించి, తిరిగి అతుకుతుంది. మార్టిన్ గెల్లర్ట్ బృందం 1976లో దీనిని గుర్తించింది.

విచిత్రమేమంటే, లక్ష్యం తెలియక ముందే మందు వచ్చింది. భద్రాచలం ఏజెన్సీ వంటి మలేరియా ప్రాంతాలకు చిరపరిచితమైన క్లోరోక్విన్ తయారీలో ఏర్పడిన ఒక ఉపఉత్పత్తి 1962లో నాలిడిక్సిక్ ఆమ్లానికి దారితీసింది. అది గైరేజ్‌ను అడ్డుకుంటుందని 1977లో గాని తేలలేదు. ఆ వంశంలోనిదే సిప్రోఫ్లాక్సాసిన్. తెగిన పేటలు అతుక్కోకుండా అది గైరేజ్‌ను మధ్యలోనే నిలిపివేస్తుంది.

ఈ మందులు హైదరాబాదు పరిసరాలకు చేరడంలో ప్రయోగశాల కంటే చట్టం పాత్రే ఎక్కువ. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే హక్కు ఇచ్చింది. ఐడీపీఎల్‌లో ఆరితేరిన రసాయన నిపుణులు అందుబాటులో ఉన్నారు. మందు చౌక అయింది. దానివల్ల నిలిచిన ప్రాణాలను విస్మరించి ఈ చరిత్ర రాయడం న్యాయం కాదు.

మూల్యం చెల్లించినవి పటాన్‌చెరు పొలాలు, బావులు. అక్కడి కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. అయినా నీటిలోని ఆంటీబయాటిక్‌ను కొలిచిన అధ్యయనం 2007లో గాని వెలువడలేదు. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ప్రకటించింది. కొన్ని బాక్టీరియాలకు హానికరమైన మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాటే. అప్పటి ప్రమాణాలలో ఆంటీబయాటిక్‌లకు పరిమితే లేదు గనుక, ఆ లెక్కన ఇది ఉల్లంఘన కూడా కాదు.

ఆ నీరు అప్పట్లో ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది. మంజీర గోదావరికి ఉపనది. కలుషిత వాగుల అడుగుమట్టిలో, మందు నుంచి గైరేజ్‌ను కాపాడే ప్రోటీన్‌లకు మూలమైన క్యూఎన్ఆర్ జన్యువులు అధికంగా ఉన్నాయని 2011 నాటి పరిశోధన చూపింది. ఇవి ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి బదిలీ కాగలవు. 2020 జనవరి ముసాయిదాలో కేంద్రం ఆంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 తుది నోటిఫికేషన్‌లో అవి లేవు.