లోంబోక్ జలసంధి

భువనగిరి సీమలోని పుట్టపాకవలె పడుగు, పేక రెండింటికీ చిటికి కట్టి నేసే గ్రామాలు లోకంలో బహు అరుదు. బలిద్వీపపు తూర్పున, కరంగాసెం సీమలోని తెంగనన్ అట్టిది. ఆ తీరానికి ఎదుటనే లోంబోక్ ద్వీపం; నడుమ జలసంధి. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 20 కిలోమీటర్లే.

1856లో దానిని దాటిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు వాలెస్, బలిలో కానరాని కాకతువ్వ చిలుకలను లోంబోక్‌లో చూచి విస్మితుడైనాడు. కారణం వెడల్పు కాదు, లోతు. మంచుయుగంలో సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు తగ్గగా బలి ఆసియాతో కలిసింది. కనీసం 250 మీటర్ల లోతుగల ఈ జలసంధి మాత్రం ఎండలేదు.

మృగపక్షులను నిలిపిన ఆ నీరు మనుష్యుని నిలుపలేదు. కరంగాసెం వంశీయులు పడవలపై దాటి, 1894లో డచ్చివారు జయించేవరకు లోంబోక్‌ను ఏలారు. బలిద్వీపవాసుల సంతతి నేటికీ అక్కడ నివసిస్తున్నది.