మెరుపు, వాహకత: ఆదోని-ఎమ్మిగనూరు నేత చరిత్రలో పోగు స్వభావం

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా పత్తి వ్యాపారం గురించి, 1938లో మాచాని సోమప్ప స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం గురించి మాట్లాడేటప్పుడు ఉపాధి, అప్పు, సహకారం అనే అంశాలే ముందుకు వస్తాయి. నేతకు ఆధారమైన పోగు భౌతిక స్వభావం కూడా చరిత్రకారుడికి సాక్ష్యమేనన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. అందుకు విద్యుత్ ధర్మాలను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

పొడి నూలు మంచి విద్యుద్బంధకం. అయితే అది గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ పెరిగేకొద్దీ దాని నిరోధం ఎన్నో రెట్లు పడిపోతుంది. పడుగుకు పట్టించే గంజి కూడా తేమను పట్టి ఉంచేదే. 1920లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మర్ఫీ, వాకర్ ఈ విషయాన్ని పరిశోధించారు. నూలును నీటితో కడిగి సహజ లవణాలను తొలగిస్తే నిరోధం బాగా పెరుగుతుందని తేలింది. టెలిఫోన్ తీగలపై ఖరీదైన పట్టుకు బదులు కడిగిన నూలును చుట్టడానికి ఈ పరిశోధన తోడ్పడింది.

ఆ తీగలో లోహం లోపల, నూలు పైన ఉంటాయి. జరీలో ఈ అమరిక తారుమారవుతుంది. సన్నగా సాగదీసి చదును చేసిన వెండి తీగను పట్టు పోగు చుట్టూ చుట్టి బంగారు పూత పూస్తే అసలు జరీ. వెండికి బదులు రాగి వాడితే చౌక రకం. బజారులో ఈ రెంటి ధరలకూ పొంతన లేదు. విద్యుత్తుకు మాత్రం రెండూ ఇంచుమించు ఒకటే. వెండి విశిష్ట నిరోధం 1.59 అయితే రాగిది 1.68 (10⁻⁸ ఓమ్-మీటర్లలో). బంగారానిది 2.44, అంటే అందరూ కోరే లోహమే ఇక్కడ వెనుకబడింది! ప్లాస్టిక్ జరీ సంగతి వేరు. అందులోని పలుచని అల్యూమినియం పొరను పాలియెస్టరో లక్కపూతో కప్పేస్తుంది కనుక అది మెరుస్తుంది గాని పైనుంచి విద్యుత్తును అందుకోదు.

1997లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు మ్యాగీ ఆర్త్, రెహ్మీ పోస్ట్ వస్త్రంపై విద్యుద్వలయాలు నిర్మించడానికి ఎంచుకున్నది భారతదేశంలో నేసే ఇటువంటి లోహపు పట్టు ఆర్గంజానే. పడుగు పట్టు, పేక లోహం చుట్టిన పోగు కావడంతో అందులో విద్యుత్తు ఒక దిశలోనే సులువుగా సాగుతుంది.

తుంగభద్ర అవతలి గద్వాల చీర ఈ దృష్టితో మరింత ఆసక్తికరం. దాని ఒడలు నూలు, అంచులు పట్టు. అంచు పడుగులో లోహపు జరీ ఉంటే రెండు అంచులూ రెండు వాహకాలై, నడుమ నూలు బంధకంగా నిలుస్తుంది. కొంగులో అడ్డంగా వచ్చే జరీ పేక వాటిని కలపగలదు. అయితే అక్కడ అతుకు ఉండదు, ఒత్తిడి వల్ల కలిగే స్పర్శ మాత్రమే. వెండి నల్లబడి సల్ఫైడు పొర కట్టితే ఆ స్పర్శ బలహీనపడుతుంది.

పాత చీరల కాలనిర్ణయానికి దీని ఉపయోగం కొంత ఉంది. గీటురాయికి పోగును అరగదీయాలి. ఓమ్‌మీటరుకు రెండు కొనలు తాకిస్తే చాలు. ప్లాస్టిక్ జరీని అది సాధారణంగా వేరుచేస్తుంది. వెండికీ రాగికీ తేడా తేల్చాలంటే మాత్రం రసాయన పరీక్ష తప్పదు.