వైరస్‌ను భరించిన అక్షరం: తెలుగు డి.టి.పి. రంగం విండోస్‌ను ఎందుకు విడువలేదు?

వ్యాససంగ్రహం

కంప్యూటర్ వైరస్‌ల వల్ల పదేపదే నష్టపోతున్నా వినియోగదారులు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చుకోకపోవడాన్ని అజ్ఞానంగానో అలసత్వంగానో భావించడం పరిపాటి. తెలుగు డి.టి.పి. రంగ చరిత్రను, ముఖ్యంగా నిజామాబాద్, బోధన్ వంటి జిల్లా ప్రాంతాల ముద్రణ వ్యవహారాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. తెలుగు లిపిని కంప్యూటర్‌లోకి తెచ్చిన పద్ధతే వినియోగదారుని ఒకే వ్యవస్థకు కట్టివేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డి.టి.పి., అను ఫాంట్లు, యూనికోడ్, విండోస్, వైరస్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, నిజామాబాద్.

ఉపోద్ఘాతం

చందూర్ వంటి మండల కేంద్రంలో జిరాక్స్, డి.టి.పి., ఆన్‌లైన్ దరఖాస్తులు ఒకే గదిలో, తరచు ఒకే కంప్యూటర్ మీద సాగుతాయి. పెళ్లిపత్రిక, ఎన్నికల కరపత్రం, కళాశాల ప్రాజెక్టు నివేదిక అన్నీ అక్కడే రూపొందుతాయి. పెద్ద ముద్రణ అయితే ఫైలు బోధన్‌కో, నిజామాబాద్‌కో, కొన్నిసార్లు హైదరాబాద్ దాకానో పోవాలి. 2000 తర్వాతి దశాబ్దంన్నర కాలం దానిని మోసుకుపోయింది ప్రధానంగా పెన్‌డ్రైవు. వైరస్‌ను మోసుకుపోయిందీ అదే.

ఆ కాలంలో డి.టి.పి. చేయించుకున్న వారికి వైరస్ వింత కాదు. సిద్ధాంత వ్యాసంలోని ఒక అధ్యాయం మాయమవడం, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారడం, చివరికి 'ఫార్మాట్ కొట్టించడం' మామూలు అనుభవాలు. ఇవే వైరస్‌లు పనిచేయని లినక్స్ ఆ రోజుల్లోనే ఉచితంగా దొరికేది. అయినా ఆ దారి పట్టినవారు అతి తక్కువ. దీనికి కారణాన్ని వినియోగదారుల స్వభావంలో వెతికేకంటే తెలుగు అక్షరం కంప్యూటర్‌లోకి ప్రవేశించిన తీరులో వెతకడం సమంజసం.

అచ్చుగూళ్ల నుంచి ఫాంటు గడులకు

సీసపు అచ్చుల కాలంలో తెలుగు కంపోజింగుకు కొన్ని వందల అచ్చులు కావలసి వచ్చేవి. తొలినాటి కంప్యూటర్ ఫాంటులో ఉన్న స్థానాలు 256 మాత్రమే. యంత్రం తన ఆజ్ఞలకు కేటాయించుకున్నవి పోగా మిగిలేవి ఇంకా తక్కువ. గుణింతాలూ సంయుక్తాక్షరాలూ ఆ గడులలో ఇమడవు. అందుచేత ఫాంటు రూపకర్తలు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు మరొకచోట పెట్టి, రోమన్ అక్షరాలకు ఉద్దేశించిన గడులను వీటితో నింపారు. అక్షరాన్ని తెరమీద కూర్చే పని కంపోజిటర్ చేతి నుంచి ఒక మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌కు మారింది.

హైదరాబాద్‌లో 'అను', పుణేలో మాడ్యులర్ సంస్థ 'శ్రీలిపి', బెంగళూరులో సైబర్‌స్కేప్ సంస్థ 'ఆకృతి' ఈ మార్గంలోనే వచ్చాయి. ఒకరి గడుల అమరిక మరొకరికి సరిపోదు. అప్పటికి ప్రమాణాలు లేకపోలేదు. భారతీయ లిపుల సంకేత ప్రమాణమైన ఇస్కీని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించింది. అదే ఏడు వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అయితే ముద్రణ రంగానికి కావలసింది ప్రమాణం కాదు, రేపు ఉదయానికి అందవలసిన కరపత్రం. ఆ అవసరాన్ని తీర్చినవి ప్రైవేటు ఫాంట్లే. వాటిని తప్పుపట్టడం సులభమే గానీ, అవి లేకపోతే 1990లలో జిల్లా కేంద్రాల తెలుగు ముద్రణ మరికొంతకాలం సీసం మీదే ఆధారపడి ఉండేది.

ఇక్కడే అసలు ముడి పడింది. కీబోర్డు మీద నొక్కిన మీటను అక్షరపు ముక్కగా మార్చే ఆ మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ విండోస్‌లో పనిచేసేది. పేజీ కూర్చే పేజ్‌మేకర్‌కు లినక్స్ కూర్పు లేనే లేదు. 1985లో ఆల్డస్ సంస్థ విడుదల చేసిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి కూర్పు. 2004లో దాని అభివృద్ధిని అడోబీ నిలిపివేసింది. యూనికోడ్ దానికి చివరిదాకా తెలియదు. తయారుచేసినవారు వదిలేసినా తెలుగు ముద్రణ దానిని వదలలేదు.

మరొక సంగతి ఇంతకంటే ముఖ్యం. ఇలా టైపు చేసిన ఫైలులో నిజానికి తెలుగు ఉండదు. ఉండేది రోమన్ సంకేతాల వరుస. ఫాంటు ఉన్నంతసేపూ అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే అర్థంలేని గుర్తులు మిగులుతాయి. అంటే వ్యవస్థ మారితే పోయేది ఒక అలవాటు మాత్రమే కాదు. అప్పటిదాకా రాసుకున్న తెలుగంతా అందకుండా పోతుంది.

పెన్‌డ్రైవు వెంట

పర్సనల్ కంప్యూటర్లను పీడించిన తొలి వైరస్‌లలో ఒకటైన 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టి ఫ్లాపీల ద్వారా వ్యాపించింది. పెన్‌డ్రైవు వచ్చాక వేగం పెరిగింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో రెండు గుణాలు ఇందుకు తోడ్పడ్డాయి. పెన్‌డ్రైవులోని ప్రోగ్రాము తనంతట తాను మొదలయ్యేందుకు వీలుండేది. ఇంట్లో, దుకాణంలో వాడే ఖాతాకు యంత్రం మీద సర్వాధికారాలు ఉండేవి. 'న్యూ ఫోల్డర్' పేరుతో తిరిగిన వైరస్ మామూలు ఫోల్డర్ బొమ్మతోనే కనిపించేది. ఫైలు పేరు చివరి భాగాన్ని విండోస్ దాచిపెడుతుంది కాబట్టి, తెరిచేదాకా అది ఫోల్డర్ కాదని తెలియదు.

2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ చరిత్ర మరింత గమనించదగినది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అక్టోబరు 23నే దిద్దుబాటు విడుదల చేసింది. అయినా లోకమంతటా లక్షల యంత్రాలకు అది సోకింది. మన ప్రాంతంలో ఆ దిద్దుబాటు చేరని కారణాల్లో పైరసీ ఒకటి. వ్యక్తిగత కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్‌లో 63 శాతం లైసెన్సు లేనిదేనని బిజినెస్ సాఫ్ట్‌వేర్ అలయన్స్ 2011లో భారతదేశం గురించి అంచనా వేసింది. అప్‌డేట్‌లు తెరిచి ఉంచితే 'ఇది అసలైన కాపీ కాదు' అన్న హెచ్చరిక తెరమీద వస్తుందన్న భయంతో, విండోస్ ఎక్కించే మెకానిక్ మొదట చేసే పని వాటిని ఆపివేయడం. ముఖ్యమైన భద్రతా దిద్దుబాట్లు నకలు కాపీలకూ అందేవి. కానీ తలుపే మూసుకున్న ఇంటికి మందు ఎలా చేరుతుంది? పెన్‌డ్రైవు ప్రోగ్రాములు వాటంతట అవి మొదలు కాకుండా ఆపే సవరణ 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకు వచ్చినదీ ఆ మూసిన తలుపు దగ్గరికే.

ఈ అనుభవానికి తెలుగు వాడుక ఇచ్చిన క్రియ ఆసక్తికరమైనది. కంప్యూటర్‌కు వైరస్ 'పట్టింది' అంటారు. పైరుకు చీడ పడుతుంది, కర్రకు చెదలు పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది. ఇవన్నీ ఉన్నచోట ఉన్నందుకు సంభవించేవి. వీటికి నివారణ ఉంటుందే గానీ, ఎవరూ చీడ పట్టిందని సేద్యం మానరు. వైరస్‌ను ఈ వరుసలో చేర్చిన వ్యవహర్త దృష్టిలో అది వ్యవస్థలోని లోపం కాదు, వాతావరణంలోని గుణం. దాచిన ఫోల్డర్లను వెలికితీసే 'అట్రిబ్' ఆజ్ఞ, కంప్యూటర్ శాస్త్రం చదవని డి.టి.పి. ఆపరేటర్లకు కూడా కంఠస్థం కావడం ఇందుకు తార్కాణం.

రెండు ఖర్చులు

వైరస్ ఖర్చు తెలిసినది, చిన్నది. మెకానిక్‌కు కొన్ని వందల రూపాయలు, ఒక పూట పని నష్టం. 'సి' డ్రైవు తుడిచి విండోస్‌నూ ఫాంట్లనూ మళ్లీ ఎక్కిస్తే 'డి' డ్రైవులోని ఫైళ్లు చాలావరకు దక్కేవి. వ్యవస్థ మార్చే ఖర్చు మాత్రం అంచనాకు అందదు. పాత ఫైళ్ల సంగతి చూశాం. వేళ్ల సంగతి మరొకటి. ప్రభుత్వం 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉన్నా, డి.టి.పి. ఆపరేటర్లు నేర్చింది 'యాపిల్' వంటి అమరికలు. నిమిషానికి ఇన్ని పదాలన్న వేగమే జీవనాధారమైన వారికి కొత్త అమరిక అంటే కొన్ని నెలల ఆదాయం. టైపు యంత్రపు మీటల అమరిక ఎందుకు మారలేదో వివరిస్తూ ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1985లో చెప్పినది ఇటువంటి స్థితినే.

పైగా ఏ దుకాణమూ ఒంటరి కాదు. మండల కేంద్రంలో కూర్చిన పేజీని పట్టణపు ముద్రణాలయం పేజ్‌మేకర్‌లోనే తెరుస్తుంది. బియ్యపు మిల్లు లెక్కలు రాసే ట్యాలీ విండోస్‌దే. ఫ్లెక్సీ బొమ్మలు కూర్చే కోరెల్‌డ్రాదీ అదే దారి. గొలుసులో ఒక్క కడియం మాత్రమే మారితే అది గొలుసు నుంచి ఊడిపోతుంది.

బోధన్ ప్రాంతానికి ఈ తర్కం కొత్తది కాదు. కోసిన చెరకులో గంటలు గడిచేకొద్దీ చక్కెర తగ్గుతుంది. అది దగ్గరి కర్మాగారానికే పోవాలి. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం కింద ఏ ప్రాంతపు చెరకు ఏ కర్మాగారానికి చేరాలో కూడా నిర్ణయమయ్యేది. బిల్లు ఆలస్యమైతే రైతు సణిగేవాడు గానీ ఆ ఏటి పంటను మరోచోటికి తిప్పలేకపోయేవాడు. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడ్డప్పుడు ఆ బంధం బలవంతంగా తెగింది. కంప్యూటర్ విషయంలో అటువంటి తెగింపు రాలేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపింది. యంత్రాలు మాత్రం ఆగలేదు.

వెళ్లినవారు, వెళ్లనివారు

ప్రత్యామ్నాయం తెలుగు మాట్లాడలేదు అనడం సరికాదు. 2000ల నడిమికి స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో ఉంది. సి-డాక్ 2007లో 'బాస్' లినక్స్‌ను విడుదల చేసింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభించాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వచ్చిన 'లేఖిని' ఎందరినో తెలుగు బ్లాగుల వైపు నడిపించింది. వీరంతా యూనికోడ్‌కు ఇబ్బంది లేకుండా మారారు. యూనికోడ్‌లో రాసినది విండోస్‌లోనైనా లినక్స్‌లోనైనా తెలుగే కాబట్టి, వీరికి వ్యవస్థ ఎంపిక తెరిచే ఉంది.

ఇక్కడ పోలిక స్పష్టమవుతుంది. భాష ఒకటే, కాలం ఒకటే, వైరస్‌లూ అవే. కానీ బ్లాగరుకు కాపాడుకోవలసిన పాత ఫైళ్లు లేవు, ముందు నిలిచిన ముద్రణాలయమూ లేదు. డి.టి.పి. ఆపరేటరుకు రెండూ ఉన్నాయి. లినక్స్ ప్రచారకులు స్వాతంత్ర్యం గురించీ భద్రత గురించీ చెప్పినవి నిజాలే. 'నా అను ఫైలు ఇందులో తెరుచుకుంటుందా?' అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌కు తెలుగు వంటి లిపుల అక్షరాలను సరిగా కూర్చే శక్తి 2017లో వచ్చిన 1.5.3 కూర్పుతో గానీ అబ్బలేదు. ఖరీదైన ఇన్‌డిజైన్‌కే అది 2012లో వచ్చింది.

కేరళలో పరిస్థితి మరో రకంగా నడిచింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ఆ దశాబ్దం ముగిసేలోగా ప్రభుత్వ పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చింది. ఉపాధ్యాయుల శిక్షణ, పాఠ్యపుస్తకం, పరీక్ష కలిసి మారాయి. గొలుసు మొత్తం ఒకేసారి కదిలింది కాబట్టి ఏ కడియమూ ఊడలేదు. తెలుగు నేలలో ఆ స్థాయి కదలిక రాలేదు.

'డి' డ్రైవు పోయిన తర్వాత

2017 మే 12న వనాక్రై విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఈసారీ దిద్దుబాటు రెండు నెలల ముందే, మార్చి 14న, వచ్చి ఉంది. అయితే ఈ తరం వైరస్ స్వభావం వేరు. అది ఫైళ్లను తాళంవేసి డబ్బు అడుగుతుంది. ఫార్మాట్ కొట్టిస్తే వైరస్ పోతుంది, ఫైళ్లు మాత్రం తిరిగి రావు. 'సి' డ్రైవు, 'డి' డ్రైవు అన్న తేడా దానికి లేదు. దొంగ కాపీలకు వాడే 'క్రాక్' ఫైళ్ల ద్వారానే ఇటువంటివి కొన్ని వ్యాపించాయి. అంటే పాత లెక్కలోని చిన్న ఖర్చు ఇప్పుడు చిన్నది కాదు. దీనికి దుకాణాలు చూపిన స్పందన వ్యవస్థను మార్చడం కాదు, ఫైలు మరో నకలును ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఉంచుకోవడం.

ఈ చరిత్ర ఫలితం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు దగ్గరగానే ఉంది. సిద్ధాంత వ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన చేశాక శోధగంగలో తెలుగు వ్యాసాలు చేరుతూ వచ్చాయి. పాత ఫాంట్లలో కూర్చిన ప్రతి నుంచి ఒక వాక్యాన్ని నకలు తీసుకుంటే వచ్చేవి రోమన్ గుర్తులే. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. అవి వత్తుల దగ్గరా, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గరా తడబడతాయి, ప్రతి పుటనూ మనిషి మళ్లీ చదివి సరిచూడాలి. అటువంటి ప్రతిలో పరిశోధకుడు 'బోధన్' అన్న మాటను తెలుగులో టైపు చేసి వెతికితే, ఆ మాట అదే పుటలో కళ్లెదుట కనిపిస్తున్నా, ఫలితాల సంఖ్య సున్నా అని వస్తుంది.