మెదడులోని తెల్లని దారులు

మెదడును కోసి చూస్తే పైపొరగా కనిపించే బూడిదరంగు పదార్థానికీ, దాని అడుగున పరుచుకున్న తెల్లని పదార్థానికీ గల తేడాను ఆండ్రియాస్ వెసాలియస్ 1543 నాటి తన శరీర నిర్మాణ గ్రంథంలోనే చూపినప్పటికీ, ఆ తెలుపంతా నాడీతంతువుల అల్లిక అన్న అవగాహన స్థిరపడడానికి చాలాకాలం పట్టింది. 1665లో పారిస్‌లో ప్రసంగించిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు నికోలస్ స్టెనో, తంతువుల వెంట వాటి గమ్యం వరకు సాగిపోవడమే సరైన పరిశోధనా మార్గమని చెబుతూనే, అదెంత దుస్సాధ్యమో దాచకుండా ఒప్పుకున్నాడు. ఊహాచిత్రాలు రాజ్యమేలిన ఆ కాలంలో అటువంటి నిజాయితీ అరుదు.

తంతువులను చుట్టి ఉండి సంకేతాల వేగాన్ని పెంచే కొవ్వు పొరకు 1854లో రుడాల్ఫ్ విర్కో మైలిన్ అని పేరు పెట్టాడు. 1868లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రి వైద్యుడు షార్కో, వణుకు, మాట తడబాటు, కనుగుడ్ల అదురుతో బాధపడి మరణించినవారి మెదడులో, వెన్నుపాములో గట్టిపడిన మచ్చలను పరిశీలించి, అక్కడ మైలిన్ నశించినా లోపలి తంతువు చాలావరకు మిగిలి ఉంటుందని గమనించి, నేడు మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే వ్యాధిని ప్రత్యేకంగా నిర్వచించాడు.

1930లలో బాసెల్‌లో యోసెఫ్ క్లింగ్లర్, ఫార్మాలిన్‌లో నిలవచేసిన మెదడును గడ్డకట్టించి, మంచు స్ఫటికాలు తంతువులను విడదీశాక, చెక్క పనిముట్లతో ఒక్కొక్క కట్టనూ ఒలిచి చూపాడు. 1994లో పీటర్ బాసర్ బృందం ప్రతిపాదించిన డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్‌తో బతికున్న మనిషిలోనే, నీటి అణువులు ఏ దిశలో సులువుగా కదులుతున్నాయో కొలిచి, ఆ తంతువుల సమగ్రతను పరోక్షంగా అంచనా వేయడం సాధ్యమైంది.