పాత వెండి రూపాయి అమ్ముతున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి.. లేదంటే నష్టపోతారు!

బీరువా సర్దుతుంటేనో, నానమ్మ ట్రంకు పెట్టె తెరిస్తేనో బ్రిటిష్ కాలం నాటి వెండి రూపాయలు బయటపడుతుంటాయి. షాపుకెళ్తే తూకం లెక్కన కొంటామంటారు. ఫోన్‌లో చూస్తే అదే బిళ్లకు లక్షలిస్తామనే ప్రకటనలు. మరి అసలు రేటు ఎంత?

ముందు వెండి లెక్క

1835 నుంచి 1939 వరకు సంవత్సరం వేసి ఉన్న బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు. పాత లెక్కలో ఒక తులం. ఇందులో 91.7 శాతం, అంటే దాదాపు 10.69 గ్రాములు అసలు వెండి. 1940-45 మధ్య వచ్చిన ఆరో జార్జ్ రూపాయిల్లో వెండి సగమే, 5.83 గ్రాములు. 1947 నాటి రూపాయి నికెల్‌ది, వెండి అసలు లేదు.

లెక్క సులువుగా ఉండేందుకు గ్రాము వెండి రూ.100 అనుకుందాం. పాత రూపాయిలో రూ.1,069, సగం వెండి దాంట్లో రూ.583 విలువ ఉన్నట్టు. ఆ రోజు వెండి ధరతో ఇలా గుణిస్తే చాలు, కనీస రేటు తెలిసిపోతుంది. దీనికి బాగా తక్కువ చెబితే మరో షాపు చూసుకోవడమే మంచిది. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయికి మాత్రం ఈ లెక్క కుదరదు. అది హైదరాబాద్ సంస్థానం సొంత నాణెం, బరువు వేరు.

పాతదైతే ఖరీదైనదేనా?

కాదు! 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిలు చాలానే దొరుకుతాయి. కారణం, అదే సంవత్సరం వేసి 1874 దాకా ముద్రించారు. అదే 1939 రూపాయి అరుదు. 1911 ఐదో జార్జ్ రూపాయికీ గిరాకీ ఉంది. రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ రావడంతో అప్పట్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

కడిగితే రేటు పడిపోతుంది

నల్లబడిందని చింతపండుతో తోమొద్దు. గీతలు పడితే సేకరించేవాళ్లు పక్కన పెట్టేస్తారు. దండలో గుచ్చేందుకు కొక్కెం అతికించినవి, చిల్లు పెట్టినవి దాదాపు వెండి ధరకే పోతాయి. అరుదైన నాణేనికి నకిలీలు కూడా ఎక్కువే. కొనేటప్పుడు బరువు చూడాలి, అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు.

అడిగే రేటు కాదు, అమ్ముడైన రేటు!

ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. నాణేల వేలంలో అదే సంవత్సరం, అదే స్థితిలో ఉన్నది ఎంతకు పోయిందో చూస్తేనే నిజం తెలుస్తుంది. దేవుళ్ల బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ పేరున్న బిళ్లలు కంపెనీ వేసినవి కావు.

లక్షలిస్తామంటూ ముందే కమీషన్, ట్యాక్స్ కట్టమంటే అది మోసమే. తమ పేరుతో జరుగుతున్న ఇలాంటి మోసాలపై 2021లోనే ఆర్‌బీఐ హెచ్చరించింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగడు కదా! ఇంకో విషయం, వందేళ్లు దాటిన నాణేలను అనుమతి లేకుండా విదేశాలకు పంపడం చట్టరీత్యా నేరం.