ఆసియా క్రీడల్లో తైక్వాండో

ఆసియా క్రీడలను నడిపే ఒలింపిక్ కౌన్సిల్ ఆఫ్ ఆసియా 1982లో ఏర్పడింది. దాని కేంద్ర కార్యాలయం కువైట్‌లోని హవల్లీ గవర్నరేట్‌లో ఉంది. సంస్థ తొలి అధ్యక్షుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ అల్ సబా. ఆయన హయాంలో 1986లో సియోల్‌లో జరిగిన క్రీడల్లోనే తైక్వాండోకు తొలిసారి చోటు దక్కింది. 1990 ఆగస్టు 2న కువైట్‌పై ఇరాక్ దండయాత్ర మొదలైన రోజునే ఆయన ప్రాణాలు కోల్పోయారు.

సియోల్‌లో పురుషులకు మాత్రమే పోటీలు పెట్టారు. 8 స్వర్ణాల్లో 7 దక్షిణ కొరియాకే దక్కాయి, మిగిలిన ఒక్కటి ఇరాన్ గెలుచుకుంది. 1990 బీజింగ్ క్రీడల్లో తైక్వాండో లేదు. 1994లో హిరోషిమాలో తిరిగి చేర్చాక పతకాల పట్టిక రూపు మారింది. వియత్నాంకు అక్కడ దక్కిన ఏకైక స్వర్ణం తైక్వాండోలో చాన్ క్వాంగ్ హా సాధించినదే. బరువు విభాగాలు ఉండడంతో చిన్న శరీరం ఇక్కడ లోపం కాదు, ఖరీదైన మైదానాలూ అక్కర్లేదు. పేద దేశాలకు ఈ క్రీడ కలిసి రావడానికి అదే కారణమని చెప్పవచ్చు. అఫ్గానిస్థాన్ తొలి ఒలింపిక్ పతకం (రోహుల్లా నిక్‌పాయ్, కాంస్యం, 2008), జోర్డాన్ తొలి ఒలింపిక్ పతకం (అహ్మద్ అబుఘౌష్, స్వర్ణం, 2016) కూడా తైక్వాండోలోనే వచ్చాయి.

2010 గ్వాంగ్‌జౌ క్రీడల్లో పెద్ద వివాదం రేగింది. నవంబరు 17న మహిళల 49 కిలోల విభాగంలో తైవాన్ క్రీడాకారిణి యాంగ్ షు చున్ వియత్నాం ప్రత్యర్థిపై 9–0 ఆధిక్యంలో ఉండగా నిర్వాహకులు పోటీ ఆపేశారు. తన్నిన దెబ్బను నమోదు చేసే సెన్సర్లు ఆమె మేజోళ్ల మడమ భాగంలో అదనంగా ఉన్నాయంటూ అనర్హురాలిగా ప్రకటించారు. పోటీకి ముందే పరికరాల తనిఖీ పూర్తయిందని తైవాన్ వాదించింది. ఆమె ఏడుస్తూ మ్యాట్‌పైనే కూర్చుండిపోయింది. ఈ నిర్ణయం వెనుక కొరియా అధికారులున్నారన్న కోపంతో తైవాన్‌లో జనం వీధుల్లోకి వచ్చి దక్షిణ కొరియా జెండాలు తగలబెట్టారు. ఆ విభాగం స్వర్ణం చైనాకు చెందిన వూ జింగ్‌యూకు దక్కింది.

2018 జకార్తా క్రీడల్లో ప్రత్యర్థి లేకుండా విన్యాసాలు ప్రదర్శించే పూమ్సే విభాగం చేరింది. ఆగస్టు 19న అందులో ఇండోనేషియా అమ్మాయి డెఫియా రోస్మానియార్ స్వర్ణం గెలిచి ఆతిథ్య దేశానికి ఆ క్రీడల్లో పసిడి ఖాతా తెరిచింది. 2023లో హాంగ్‌జౌలో స్త్రీ పురుషులు కలిసి ఆడే మిశ్రమ జట్టు పోటీ మొదలైంది.

భారత్ విషయానికొస్తే, 2002 బుసాన్‌లో సురేంద్ర భండారి కాంస్యం సాధించాడు. వీధివీధినా శిక్షణ కేంద్రాలున్న దేశానికి ఒక కాంస్యం చాలా తక్కువ.